వీణ మోగితేనే గొల్లపల్లిలో ఉలి కదిలేది

జ్ఞాపికలకే పరిమితమవుతున్న బొబ్బిలి పనితనం
పెళ్లిపందిళ్లలో సన్నాయి స్థానం ఆక్రమిస్తున్న ఫోన్లు, డీజేలు
జిల్లా వాసుల చేతిలో ఉన్నదెంత?

బొబ్బిలి: సభల్లో శాలువా కప్పిన తరువాత అతిథి చేతికి అందించే అద్దాల పెట్టెను జిల్లాలో ఎరుగనివారు ఉండరు. అందులో జానెడు పొడవున్న వీణ ఉంటుంది. యాళి ముఖం, మెట్లు, బిరడాలు, తీగలు అన్నీ ముచ్చటగా అమరి ఉంటాయి. పుచ్చుకున్నవారు సంతోషిస్తారు. ఇచ్చినవారికి జిల్లా గౌరవం నిలిపామన్న తృప్తి కలుగుతుంది. అయితే ఆ వీణ మోగదు. దాని తీగ తెగదు, మెట్టు కదలదు, శ్రుతి తప్పదు. కనుక ఒకసారి గొల్లపల్లి గడప దాటాక అది మళ్లీ ఆ గడప తొక్కదు.

వాయించే వీణ సంగతి వేరు. వేసవి వస్తే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. తీగలు ఎప్పటికప్పుడు మార్చవలసి ఉంటుంది. తీగల ఒరిపిడికి గుర్రంపై ఉన్న లోహపు రేకు అరుగుతుంది. సాధన గట్టిగా చేసేవారి వీణకైతే కొన్నేళ్లకొకసారి మెట్లన్నీ విప్పి, కొత్త మైనంపై తిరిగి అమర్చక తప్పదు. ఆ విధంగా వాయించే వీణ ఒక్కటి దాని ఆయువు తీరేవరకు పనివానికి పని కల్పిస్తూనే ఉంటుంది. బొబ్బిలి వీణ పేరు దేశమంతటా వినిపిస్తున్న ఈ రోజుల్లో గొల్లపల్లి పనివారిని వేధిస్తున్న ప్రశ్న ఇదే. పేరున్నది, జ్ఞాపికలకు గిరాకీ ఉన్నది. వాయించే చేతులే చాలినన్ని లేవు.

ఒకే దుంగ.. వారాల శ్రమ

విజయనగరం నుంచి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, రాయగడ వెళ్లే రైలు మార్గంపై ఉన్న పట్టణం బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధంతో చరిత్రకెక్కిన ఈ సంస్థానం సంగీతాన్ని ఆదరించడంలోనూ పేరు పొందింది. ఆ ఆదరణలోనే పట్టణాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో వీణల తయారీ వేళ్లూనుకొంది. సర్వసిద్ది ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. తాత బాడిస పట్టిన చోటనే మనవడు ఉలి పట్టడం ఇక్కడి ఆనవాయితీ.

వీణకు పనస కర్ర వాడతారు. బాగా చేవ తేలిన మాను ఎంచుకొని, కోసి, ఆరబెడతారు. కుండ, దండి, యాళి ముఖం మూడింటినీ ఒకే దుంగలో తొలవడం బొబ్బిలి వీణ ప్రత్యేకత. అతుకు లేనందున నాదం కుండ నుంచి దండి చివరి వరకు నిరాటంకంగా సాగుతుందని వైణికుల విశ్వాసం. ముందుగా బాడిసతో దుంగకు రూపం తెస్తారు. ఆ తరువాత కుండ లోపలి భాగాన్ని ఉలితో తొలుస్తారు. ఈ దశలోనే పనివాని అనుభవం బయటపడుతుంది. గోడ మందంగా మిగిలితే వీణ మూగబోతుంది, మరీ పలచబడితే పగులుతుంది. ఎంత తీయాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు. కర్రపై వేలితో తట్టి, చెవితో విని తెలుసుకోవలసిందే.

రూపం వచ్చిన తరువాత నగిషీ పని ఆరంభమవుతుంది. పూర్వం ఇందుకు ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవారు. వన్యప్రాణి చట్టాలు కట్టుదిట్టమైన తరువాత వాటి స్థానంలో ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. దండికి కింద అమర్చే సొరబుర్రకు బదులుగా తేలికైన ఇతర బుర్రలు కూడా వాడుకలోకి వచ్చాయి. చివరి ఘట్టం మెట్ల అమరిక. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, దండిపై రెండు వరుసలుగా గట్లు పోసి, వాటిపై 24 లోహపు మెట్లను ఒక్కొక్కటిగా శ్రుతి చూసుకుంటూ నిలుపుతారు. నాలుగు ప్రధాన తీగలు, మూడు తాళం తీగలు బిగిస్తారు. ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. మంచి కొయ్యపని వచ్చినవారందరూ ఈ పని చేయలేరు. స్వరజ్ఞానం లేనివారి చేత మెట్టు నిలవదు. కర్రపని, సంగీతం రెండూ తెలిసిన చేతులు జిల్లాలో ఎన్ని మిగిలాయన్నది ఎవరికి వారు ఆలోచించవలసిన విషయం.

జ్ఞాపిక వీణకు ఇంత తతంగం అవసరం లేదు. చిన్న కర్ర చాలు, స్వరస్థానాలతో పని లేదు, అమ్మకం త్వరగా జరుగుతుంది. పెద్ద వీణల కన్నా వీటికే గిరాకీ ఎక్కువగా ఉండడంతో పనివారు సహజంగానే అటు మొగ్గారు. ఇందులో వారిని తప్పుపట్టవలసింది ఏమీ లేదు. జ్ఞాపికలు లేకుంటే ఈపాటికి ఎన్నో కొట్టాలు మూతపడేవి. కానీ జ్ఞాపికలు మాత్రమే చేస్తూ పెరిగిన కుర్రవానికి కుండ తొలిచే ఒడుపు గానీ, మెట్టు నిలిపే చెవి గానీ అబ్బవు. ఒక తరం గడిస్తే బొబ్బిలిలో బొమ్మ వీణలు ఉంటాయి, వీణలు ఉండవు.

గుర్తింపు వచ్చింది.. గిరాకీ?

బొబ్బిలి వీణకు 2011-12లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం కింద ఇచ్చే ఈ గుర్తింపు పదేళ్లపాటు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు. నమోదైన వినియోగదారులు తప్ప మరెవరూ ఆ పేరుతో సరుకు అమ్మరాదు. వేరే చోట చేసిన వీణను బొబ్బిలి వీణగా చెలామణి చేయకుండా ఈ గుర్తింపు అడ్డుకుంటుంది. అంతవరకు అది గట్టి కవచమే. కవచం రక్షిస్తుంది గానీ కొనుగోలుదారును వెతికి తీసుకురాదు. ఈ తేడా తెలియక గుర్తింపు వచ్చింది కదా, ఇక వీణ బతికిపోయినట్లేనని అనుకునేవారు ఉన్నారు.

పన్ను విషయంలోనూ కొంత వెసులుబాటు దక్కింది. 2017లో జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు చేతితో తయారుచేసిన స్వదేశీ సంగీత వాద్యాలను పన్ను నుంచి మినహాయించారు. కాగా, 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. పనిముట్లకు రూ.15 వేల ప్రోత్సాహకం, తొలి విడతగా రూ.లక్ష, మలి విడతగా రూ.2 లక్షల రుణం 5 శాతం వడ్డీకి ఇవ్వడం ఈ పథకం ఉద్దేశం. ఆ జాబితాలో వడ్రంగి ఉన్నాడు, శిల్పి ఉన్నాడు, బొమ్మలు చేసేవాడూ ఉన్నాడు. వాద్యాలు తయారు చేసేవానికి విడిగా చోటు దక్కలేదు. వీణ చేసేవాడు వడ్రంగి కింద దరఖాస్తు చేసుకోవలసిన పరిస్థితి గమనార్హం. కుండకు ఉలి ఒకే తీరున పడుతుందేమో గానీ వాకిలి తలుపుకూ వీణ దండికీ అంతరం ఎంతో అధికారులకు చెప్పవలసిన పని లేదు.

ఊరు పెట్టిన అన్నం

వీణ మోగాలంటే నేర్చేవారు ఉండాలి, నేర్పేవారు ఉండాలి, వినేవారు ఉండాలి. ఈ విషయంలో విజయనగరానికి ఉన్న వారసత్వం రాష్ట్రంలో మరే పట్టణానికీ తీసిపోదు. విజయరామ గజపతిరాజు 1919లో ఇక్కడ సంగీత కళాశాల నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు. ఆయన 1864లో జన్మించిన అజ్జాడ గ్రామం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. వయోలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆచార్యుడిగా చేరి, 1936లో దాసు గారి అనంతరం ఆ పదవిని అలంకరించారు. ఈ కళాశాలలో వాసా వెంకటరావు వీణ బోధించారు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చాక సంస్థానాల ఆదరణకు తెరపడింది. కళాశాల తదనంతరం ప్రభుత్వ పరమై, మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా కొనసాగుతోంది. 2019లో వందేళ్లు పూర్తి చేసుకుంది.

ఈ కళాశాలకు చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు కథ జిల్లాలో చాలామందికి తెలిసినదే. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ యువకుడు జోలె పట్టి ఇంటింటా మధూకరం చేసుకుంటూ సంగీతం అభ్యసించాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువుగా నిలిచి విద్య చెప్పారు. తరువాతి కాలంలో ఇదే పట్టణంలో పుట్టిన పి.సుశీల కూడా ఇక్కడే సంగీతం అభ్యసించారు. ఘంటసాల పేరు చెప్పుకొని గర్వపడేటప్పుడు ఆయన జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లను తలచుకునేవారు తక్కువ. వారిలో సంగీతం తెలిసినవారు ఎందరో, తెలియనివారు ఎందరో. చదువుకునే కుర్రవాడు ఆకలితో ఉండరాదన్న ఒక్క ఆలోచనతో వేసిన ముద్ద అది. ఆ రోజుల్లో స్థానిక సంగీతానికి పోషణ అంటే అదే.

నేడు జోలె పట్టేవారు లేరు. గాత్రం, వీణ, వయోలిన్, మృదంగం, సన్నాయి, డోలు వంటి విభాగాల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా కోర్సులు నామమాత్రపు రుసుముతో అందుబాటులో ఉన్నాయి. కొరత మరోచోట ఉంది. డిప్లొమా చేత పట్టుకొని బయటకు వచ్చిన వైణికునికి జిల్లాలో కచేరీ చేసే వేదికలు ఎన్ని ఉన్నాయి? త్యాగరాజ ఆరాధన, నారాయణదాసు జయంతి, ఘంటసాల వర్ధంతి, దేవీ నవరాత్రులు.. వేళ్లపై లెక్కించవచ్చు. విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి ఉన్నాయి. బొబ్బిలి, రాజాం వంటి పట్టణాల్లో కల్యాణ మండపాలకు లోటు లేదు. ఏడాదిలో అధిక భాగం ఖాళీగా ఉండే ఈ మండపాల్లో నెలకొక సాయంత్రం కచేరీకి ఇస్తే యజమానులకు పోయేది పెద్దగా ఏమీ ఉండదు.

కచేరీకి ప్రవేశం ఉచితమని ప్రకటించడం మన వద్ద మర్యాదగా మారింది. ఈ మర్యాద వల్ల కళాకారునికి జరుగుతున్న మేలు అంతంత మాత్రమే. సినిమాకు టికెట్టు కొనడానికి వెనుకాడని కుటుంబం వీణ కచేరీకి యాభై రూపాయలు ఇవ్వదని ముందే నిర్ణయించుకోవడం ఎంతవరకు సబబు? పైగా ఉచితమైన చోట కుర్చీలు నిండవు, నిండినా మధ్యలో లేచిపోతారు. రుసుము చెల్లించినవాడు చివరి మంగళం వరకు కూర్చుంటాడు. శాలువాకు, పూలదండకు, ఫ్లెక్సీకి నిర్వాహకులు వెచ్చించే సొమ్మును సంభావనగా మార్చినా పక్కవాద్యాల వారి బస్సు ఛార్జీలు గిట్టుబాటు అవుతాయి.

పురోహితుని చేయి చూసేది ఎవరు?

వీణది వినేవారు చాలని సమస్య. సన్నాయికి మాత్రం వినేవారు కొదవ లేరు. ప్రతి ఊరిలో పెళ్లి జరుగుతుంది, ప్రతి పెళ్లిలో సన్నాయి వినిపిస్తుంది. అది మనిషి ఊదినదా, పెట్టె పాడినదా అన్నదే తేడా. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతి.. ఇంతమంది ఉండే మేళంలో ఇప్పుడు చాలాచోట్ల ఒక సన్నాయి, ఒక డోలు మిగిలాయి. కొన్ని పెళ్లిళ్లలో అవి కూడా లేకుండా ఫోన్‌లోని సన్నాయిని స్పీకరుకు తగిలించి కానిచ్చేస్తున్నారు. అదే వీధిలో సన్నాయి విద్వాంసుడు ఆ రోజు ఖాళీగా కూర్చొని ఉండడం మరింత విచారకరం.

పెళ్లిలో మేళం చేసే పనేమిటో ఒకసారి గమనించాలి. మేళగాడి చెవి వాద్యంపై ఉంటుంది, కన్ను పురోహితునిపై ఉంటుంది. జీలకర్ర బెల్లం వేళ, మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయి ఎత్తగానే క్షణమాలస్యం లేకుండా గట్టిమేళం అందుకోవాలి. పందిట్లో ఎవరైనా తుమ్మినా, అపశకునపు మాట పలికినా వినబడకూడదన్నది గట్టిమేళం వెనుక ఉన్న నమ్మకం. ముహూర్తం రెండు నిమిషాలు జరిగితే మేళం రాగాన్ని సాగదీస్తుంది, పిలుపు వస్తే అక్కడికక్కడే ముగిస్తుంది. ఫోన్‌కు పురోహితుని చేయి కనబడదు. తాళి కట్టే క్షణాన పాటకు ముందు ఏ సబ్బు ప్రకటనో వస్తే ఆపడానికి పందిట్లో ఎవరి చేయీ ఖాళీగా ఉండదు.

మేళం సంపాదన అంతా ముహూర్తాలపై ఆధారపడినది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వంటి మాసాల్లోనే పని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే చేతులు కట్టుకోవలసిందే. మూఢం వస్తే మరికొన్ని వారాలు పోతాయి. ఏడాదికి సరిపడా బియ్యం ఆ కొద్ది మాసాల్లోనే సంపాదించుకోవాలి. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో వచ్చింది. వేసవి ముహూర్తాలు కొట్టుకుపోయాయి. ఆ తరువాత 50 మందికే పరిమితం చేసిన పెళ్లిళ్లలో మొదట కోత పడింది మేళానికే. అప్పుడు వాద్యం పక్కనపెట్టి వేరే పనులు వెతుక్కున్నవారిలో కొందరు మళ్లీ దానిని చేతపట్టలేదు.

మండపం, పూల అలంకరణ, వీడియో, భోజనాలు అన్నీ ఒకే గుత్తకు ఇవ్వడం పట్టణాల్లో వాడుకైంది. ఇంటి పెద్దకు శ్రమ తగ్గుతుంది కనుక దీనిని కాదనలేం. అయితే గుత్తలో మేళం ఉందో లేదో, ఉంటే ఎక్కడి నుంచి వస్తున్నారో అడిగేవారు అరుదు. మేళాన్ని గుత్త నుంచి తప్పించి, మన ఊరి విద్వాంసునికే నేరుగా బయానా ఇస్తే దళారీ వాటా ఆ కుటుంబానికి దక్కుతుంది. ముహూర్తం పెట్టుకున్న రోజునే మాట్లాడుకోవడం ఉత్తమం. మంచి ముహూర్తాల రోజుల్లో ఒకే మేళానికి రెండు మూడు పిలుపులు వస్తాయి, ఆ మరునాటి నుంచి వారంపాటు ఒక్కటీ ఉండకపోవచ్చు. చిన్నపాటి శుభకార్యాలను, గృహప్రవేశాలను అటువంటి ఖాళీ రోజుల్లో పెట్టుకోగలిగితే ఇరువురికీ లాభమే.

డీజేల మోత గురించి ఫిర్యాదులు వస్తున్న నేపథ్యంలో నిబంధనలు తెలుసుకోవడం అవసరం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. 2010లో చేసిన సవరణతో ఈ నిషేధం సంగీత వాద్యాలకు కూడా వర్తిస్తుంది. మన ముహూర్తాల్లో అధిక భాగం రాత్రివేళవే కనుక ఇది సన్నాయికీ చిక్కే. అయితే కల్యాణ మండపాలు, సామాజిక భవనాల వంటి మూసి ఉన్న ప్రాంగణాల లోపల వాయించుకోవడానికి వెసులుబాటు ఉంది. రాత్రి ముహూర్తమైతే మేళాన్ని మండపం లోపలే ఉంచి, ఊరేగింపును పది గంటలకు ముందే ముగించుకుంటే పోలీసులతో తగవు ఉండదు.

జాతరల వేళ

జానపద వాద్యాల సంగతి కొంత నయం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, ముందురోజు తొలేళ్లకు డప్పు, తప్పెటగుళ్లు, పులివేషాలు, చెక్కభజన బృందాలు తరలివస్తాయి. జనవరిలో మక్కువ మండలం శంబర పోలమాంబ జాతర కూడా అటువంటిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లా విభజన జరిగి శంబర పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లినా బృందాల రాకపోకలకు సరిహద్దు లేదు. రొమ్ముపై రేకు తప్పెటలు కట్టుకొని, కాలి గజ్జెలు ఘల్లుమనగా గుండ్రంగా తిరుగుతూ ఆడే తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర సొంతం. జముకులకథ కూడా ఈ గడ్డదే. ఉత్తరాంధ్ర జానపద బాణీని రాష్ట్రమంతటా మోగించిన వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. ఆయన తరువాత ఆ స్థాయిలో బయటి ఊళ్ల నుంచి పిలుపులు అందుకుంటున్న బృందాలు అరుదు. డప్పు కళాకారులకు, ఇతర కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛనును 2024 జులై నుంచి నెలకు రూ.3 వేల నుంచి రూ.4 వేలకు పెంచింది. అర్హత ఉండీ దరఖాస్తు చేసుకోనివారు గ్రామ, వార్డు సచివాలయాల్లో సంప్రదించవచ్చు.

వీణ కొనదలచినవారికి..

పిల్లలకు వీణ నేర్పించదలచిన జిల్లా వాసులు చెన్నై దుకాణాలకో, ఆన్‌లైన్ అంగళ్లకో వెళ్లేముందు గొల్లపల్లి వెళ్లి రావడం మంచిది. రైలు దిగితే ఆటోలో వెళ్లగలిగినంత దూరమే. పెద్ద వీణలు అన్నివేళలా సిద్ధంగా ఉండవు. ముందుగా బయానా ఇచ్చి చేయించుకోవలసి రావచ్చు. ఇది లోపం కాదు. నేర్చుకునేవారి ఎత్తు, చేతి పొడవు, పాడే శ్రుతి చెప్పి తగిన కొలతతో చేయించుకునే అవకాశం కొట్టంలోనే దక్కుతుంది.

వీలైతే గురువును వెంట తీసుకువెళ్లాలి. కుండపై, దండిపై సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడాలి. దండి వంపు లేకుండా తిన్నగా ఉండాలి. పచ్చికర్రతో చేసిన వీణ తరువాత ఆరే కొద్దీ వంగుతుంది కనుక కర్ర ఎంతకాలం ఆరిందో అడగడానికి మొహమాటపడరాదు. మెట్లన్నింటిపై ఒక్కొక్క స్వరం పలికించి వినాలి. ఏ మెట్టు దగ్గరైనా తీగ జివ్వుమని కొట్టుకుంటే అక్కడే సరిచేయించుకోవాలి. నగిషీ చూసి ముచ్చటపడి ధర కట్టడం కొనేవారు తరచుగా చేసే పొరపాటు. నగిషీ పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది, నాదం పెరగదు. మొదటిసారి నేర్చుకునేవారికి సాదా వీణ చాలు. అంత సొమ్ము ఒకేసారి పెట్టలేనివారు బాగుచేసిన పాత వీణలు ఉన్నాయేమో విచారించవచ్చు. బొబ్బిలి పేరుతో బయట అమ్మేవాటిని కొనేటప్పుడు భౌగోళిక గుర్తింపు కింద నమోదైన తయారీదారు ఎవరో అడగడం కొనుగోలుదారు హక్కు. జ్ఞాపికలు మాత్రం లేపాక్షి విక్రయశాలల్లోనూ లభిస్తాయి.

వీణ ఇంటికి వచ్చాక ఎండ తగిలే కిటికీ పక్కన, వంటింటి గోడకు ఆనించి ఉంచరాదు. కారులో వేసవి మధ్యాహ్నం గంటసేపు వదిలేస్తే మైనం కరిగి మెట్లు ఒరిగిపోతాయి. ఇంట్లో అమ్మమ్మ వాయించిన వీణ అటకపై ఉన్నవారు జిల్లాలో తక్కువేమీ కాదు. అటువంటి వీణను దించి గొల్లపల్లి తీసుకువెళితే చాలావరకు మళ్లీ మోగించవచ్చు. కర్ర గట్టిగా ఉంటే మెట్లు, మైనం, తీగలు కొత్తవి వేయడమే మిగిలిన పని. కొత్త వీణ కొనడంతో పోలిస్తే అయ్యే ఖర్చు తక్కువ, పనివానికి అది అసలైన పని. విదేశాల్లో స్థిరపడి సెలవులకు వచ్చే తెలుగు కుటుంబాలు కూడా పిల్లల వీణలను ఇక్కడ చేయించుకోవచ్చు. అయితే తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు వచ్చి అడగడం సరికాదు. సెలవుల ఆరంభంలోనే అప్పగిస్తే మెట్లు నిలదొక్కుకునే వ్యవధి ఉంటుంది.

సన్మానాలు చేసే సంస్థలకు మరొక మార్గం ఉంది. ఏడాదిలో ఇచ్చే జ్ఞాపికల్లో కొన్ని తగ్గించుకొని, ఆ సొమ్ముతో ఒక వాయించే వీణ చేయించి, సొంత వీణ లేని సంగీత విద్యార్థికి ఇవ్వవచ్చు. కళాశాలలో తరగతి వేళ వాయించి, ఇంటికి వట్టి చేతులతో వెళ్లే విద్యార్థికి సాధన సాగదు. అతిథికి మాత్రం ఒక శాలువా తక్కువైనట్లు అనిపించదు.

పనస చెట్టు అమ్మేముందు

చేవ గల పనస మాను దొరకడం నానాటికీ కష్టమవుతోంది. వీణకు పనికివచ్చే లావు రావాలంటే చెట్టుకు దశాబ్దాల వయసు ఉండాలి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుకు పొరుగున ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితో పాటు పనస చెట్లు కూడా పెద్దసంఖ్యలో కూలిపోయాయి. అప్పుడు నాటిన మొక్కలు వీణకు అందివచ్చేది మరో తరానికి.

ఇంటి పెరటిలోనో, పొలం గట్టుపైనో ఉన్న ముసలి పనసను కొట్టించవలసి వచ్చినప్పుడు రైతులు సాధారణంగా దగ్గరలోని కోతమిల్లుకు కబురు చేస్తారు. మిల్లులో అది మంచాలకు, గుమ్మాలకు, మిగిలినది పొయ్యిలోకి పోతుంది. అమ్మేముందు గొల్లపల్లికి ఒక మాట చేరవేస్తే పనివారు వచ్చి మాను చూసుకొని, వీణకు తగినదైతే కొంటారు. చెట్టు నరకడానికి, కర్ర తరలించడానికి అనుమతుల విషయం ముందుగా అటవీ శాఖ వద్ద తెలుసుకోవాలి. మాను కొట్టించేటప్పుడు మొదలు నుంచి కనీసం వీణ పొడవుకు, అంటే నాలుగడుగులకు పైబడి, తిన్నగా ఉన్న భాగాన్ని ముక్కలు చేయకుండా ఉంచాలి. మిల్లు రంపం కింద రెండుగా చీలిన దుంగ తలుపుకు పనికివస్తుంది, వీణకు పనికిరాదు.